మా ఊరి చరిత్ర, సౌకర్యాలతో చిన్న పుస్తకం వేయాలి: ఆధారాలు ఎక్కడ, ఎలా?

కాలువగట్టు అడిగినది

అందరికీ నమస్కారం. పాత బాపట్ల తాలూకాలో, కొమ్మమూరు కాలువ ఆయకట్టు కింద ఉన్న ఒక చిన్న ఊరి గురించి అడుగుతున్నాను. జనాభా మూడున్నర వేల లోపు. ఇంగ్లండులో ఇంతకంటే చిన్న పల్లెలు కూడా తమ చర్చి ఎప్పుడు కట్టారో, వంతెన ఎవరు వేశారో, బస్సు ఎన్నింటికో, వైద్యుడు ఎన్ని మైళ్ళ దూరంలో ఉన్నాడో అన్నీ ఒకచోట రాసిపెట్టుకుంటాయి. మన ఊరికీ అలాంటిది ఒకటి ఉండాలని పంచాయతీ, హైస్కూలు కలిసి 48 పేజీల పుస్తకం తలపెట్టాయి. సంక్రాంతికి తేవాలి.

చిక్కులు ఇవీ. 1880ల నాటి పుస్తకంలో మా తాలూకా కృష్ణా జిల్లాలో ఉంది. అది తప్పా? గుడి ముందు శాసనం రాయి ఉంది, సున్నం కొట్టేశారు, సగం మట్టిలో ఉంది. చెరువుగట్టు బావి రాతి మీద ‘నందన’ అనే సంవత్సరం పేరు తప్ప ఇంకేమీ చదవడానికి రావడం లేదు. దాన్ని డొక్కల కరువులో తవ్వించారని పెద్దలంటారు. కృష్ణదేవరాయలు ఊళ్ళో విడిది చేశాడనీ అంటారు. సెన్సస్ జనాభాకీ పంచాయతీ చెప్పే జనాభాకీ ఎనిమిది వందలు తేడా వస్తోంది. సౌకర్యాల భాగంలో ఏం రాయాలో, ఎంతవరకు రాయాలో కూడా తెలిసినవాళ్ళు చెప్పగలరు.

బ్రాడీపేట 4/14

ముందు ఇంగ్లండు సంగతి. వాళ్ళకి ఆ వివరం ఊరికే రాలేదండి. 1086లో రాజు చేయించిన డూమ్స్‌డే లెక్క, 1538 నుంచి చర్చిలో రాసిన బాప్తిస్మం, పెళ్ళి, ఖననం రిజిస్టర్లు, 1836 చట్టం తర్వాత చర్చి పన్ను (టైద్) కోసం గీసిన పటాలు, 1894 చట్టంతో పుట్టిన పారిష్ కౌన్సిళ్ళ మినిట్స్. వీటిలో చాలా భాగం ఒకే పారిష్ (ఒక చర్చి కింద ఉండే ఊరు) పేరు కింద వరుసగా దొరుకుతుంది. మనకీ కాగితం తక్కువేం లేదు. కాకపోతే అది ఐదారు చోట్ల, ఐదారు పేర్ల కింద పడి ఉంది. అందుకని మొదటి పేజీ రాయకముందే మీ ఊరు ఏయే కాలంలో ఏ జిల్లా, ఏ తాలూకా కింద ఉందో ఒక కాగితం మీద వేసుకోండి. వెతుకులాటలో సగం దానితో తేలిపోతుంది.

పాత బాపట్ల తాలూకా ఊరికైతే ఇలా వస్తుంది. గోల్కొండ కాలం నుంచి ముర్తజానగర్ సర్కారు, అంటే కొండవీటి సీమ. 1788లో గుంటూరు సర్కారు కంపెనీ చేతికి వచ్చింది. 1794లో గుంటూరుకి కలెక్టరు వచ్చాడు. 1859లో గుంటూరు జిల్లాని రద్దు చేసి కృష్ణా జిల్లాలో కలిపారు. 1904 అక్టోబరు 1న మళ్ళీ గుంటూరు జిల్లా ఏర్పడింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా. కాబట్టి 1883 నాటి కృష్ణా జిల్లా మాన్యువల్లో మీ తాలూకా ఉండటం తప్పు కాదు, అక్కడే ఉండాలి. ఒంగోలు వైపు ఊళ్ళ వాళ్ళు 1904కి ముందు నెల్లూరు కింద, 1970 తర్వాత ఒంగోలు జిల్లా కింద వెతకాలి.

ఊరి పేరు ఇంగ్లీషు స్పెల్లింగు ఇంకో ముల్లు. ఆనాటి దొరలు మన దంత్య ‘చ’ని టీ, ఎస్ అక్షరాలతో రాసేవాళ్ళు. చందవోలు వాళ్ళ పుస్తకాల్లో ‘త్సందవోలు’ అవుతుంది. ‘సి’ కింద చూసి లేదనుకుని మూసేయకండి. ఒకే పేరున్న ఊళ్ళు రెండు మూడు ఉంటాయి కనుక పక్క ఊళ్ళ పేర్లు కూడా సరిపోతేనే మీదని తీసుకోండి.

ఇక కాగితాలు. మొదటిది కైఫియత్తు. అంటే ఊరి వృత్తాంతం. కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ కోసం, ఆయన సహాయకులైన కావలి సోదరులు, వాళ్ళ కింది గుమాస్తాలు ఊరూరా కరణాల దగ్గరున్న కవిలెలు (పాత లెక్కల కట్టలు) చూసి రాయించినవి. గుంటూరు ప్రాంతానివి చాలావరకు 1810ల్లో రాసినవి. ప్రతులు చెన్నైలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. కొన్ని తాలూకాలవి అచ్చయ్యాయి కూడా. గుళ్ళు, చెరువులు, అగ్రహారాలు, ఎవరి అమల్లో ఎవరికి మిరాసీ (వంశపారంపర్య హక్కు) వచ్చింది, వాసిరెడ్డి వారి, మానూరి వారి, మాణిక్యారావు వారి వంటి జమీందారీ వంతుల్లో ఊరు ఎటు పడింది, ఇవన్నీ అందులో దొరుకుతాయి. ఒక జాగ్రత్త. పూర్వం మంత్రి గోపరాజు రామన్న ఊళ్ళకి కరణీకాలు పంచిన ఘట్టం ఈ సీమలో చాలా ఊళ్ళ కైఫియత్తుల్లో దాదాపు అవే మాటల్తో కనిపిస్తుంది. అది మీ ఒక్క ఊరి చరిత్ర అనుకుని అధ్యాయం కట్టేయవద్దు. రెండు మూడు పొరుగూళ్ళ కైఫియత్తులు పక్కన పెట్టుకుని చదివితే ఏది అందరిదీ, ఏది మీదీ విడిపోతుంది.

రెండోది ఇనాం ఫెయిర్ రిజిస్టరు. 1858లో వేసిన ఇనాం కమిషను ప్రతి ఇనాం (దానంగా ఇచ్చిన) భూమినీ విచారించి రాసింది. ఎవరిచ్చారు, ఎప్పుడు, దేనికి, ఎన్ని ఎకరాలు, అప్పుడు ఎవరు అనుభవిస్తున్నారు, పట్టా నంబరు ఎంత అని నిలువు గళ్ళు ఉంటాయి. గుడి, మసీదు, చెరువు, మంగలి, వడ్రంగి, కమ్మరి, వెట్టి సర్వీసు ఇనాంలు అన్నీ అందులోకి వస్తాయి. ఊళ్ళో ఎవరెవరు ఏ పని చేసి బతికారో ఇంతకంటే గట్టి సాక్ష్యం లేదు. రాజుల పేర్లకంటే ఇదే ముందు సంపాదించమంటాను.

మూడోది రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, అదే ఆర్‌ఎస్‌ఆర్. కొందరు డైగ్లాట్ అంటారు, తెలుగూ ఇంగ్లీషూ రెండూ ఉంటాయి కనుక. దానితోపాటు గ్రామ పటం, పొలాల కొలతల పుస్తకం అంటే ఎఫ్‌ఎంబీ. పటం మీద డొంకలు, చెరువు పోరంబోకు, బందెలదొడ్డి, శ్మశానం, గ్రామకంఠం ఎక్కడెక్కడో ఉంటాయి. ఇప్పుడు కనిపించని చెరువు ఒకప్పుడు ఎన్ని ఎకరాలో అక్కడే తెలుస్తుంది. ఎఫ్‌ఎంబీలో కొలతలు లింకుల్లో ఉంటే కంగారు పడకండి: చైను 66 అడుగులు, దానికి 100 లింకులు, 10 చదరపు చైన్లు ఒక ఎకరం. మీ ఊళ్ళో ఇటీవలి రీసర్వే పూర్తయి ఉంటే పాత సర్వే నంబర్ల బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్శిల్ మ్యాప్) నంబర్లు వచ్చి ఉంటాయి. పుస్తకంలో రెండూ రాయండి. పాత నంబరు ఒక్కటే రాస్తే రేపటివాళ్ళకి పొలం దొరకదు, కొత్తది ఒక్కటే రాస్తే పాత రికార్డుతో ముడి తెగిపోతుంది.

ఫసలీ

పైన చెప్పినదానికి చిన్న చేర్పు. రెవెన్యూ కాగితాల మీద ఏడాది ఫసలీలో, అంటే పన్ను లెక్కల సంవత్సరంలో ఉంటుంది. దానికి 590 కలపండి. వచ్చిన సంవత్సరం జులై 1 నుంచి మరుసటి జూన్ 30 దాకా. ఫసలీ 1331 అంటే 1921-22. ఉత్త 1921 అని రాస్తే ఆర్నెల్లు పొరపాటు పడొచ్చు.

ఆ 1331కి ఇంకో విశేషం కూడా ఉంది. పెదనందిపాడు పన్నుల సహాయ నిరాకరణ జరిగినది అప్పుడే. పర్వతనేని వీరయ్య చౌదరి గారి నాయకత్వాన గ్రామోద్యోగులు మూకుమ్మడిగా రాజీనామాలిచ్చారు. బాపట్ల తాలూకా ఊళ్ళ లెక్కల్లో ఆ ఏడాది దస్తూరి మారినా, పేజీలు ఖాళీగా ఉన్నా దాటేసి పోకండి. ఆ ఖాళీ కూడా ఒక ఆధారమే. అప్పటి కృష్ణాపత్రిక, ఆంధ్రపత్రికల్లో మీ ఊరి పేరు వెతకండి. పాత సంచికలకి వేటపాలెం సారస్వత నికేతనం మీకు దగ్గర. 1918లో పెట్టిన గ్రంథాలయం. తేదీల జాబితా రాసుకుని వెళ్ళండి, ‘మా ఊరి గురించి ఏమైనా ఉందా’ అంటే ఎవరూ ఏమీ చేయలేరు.

కరణం, మునసబు వ్యవస్థ 1984 జనవరిలో రద్దయింది. అప్పుడు కొన్ని ఊళ్ళలో పాత కట్టలు తాలూకా ఆఫీసుకి చేరాయి, కొన్ని ఇళ్ళలోనే ఉండిపోయాయి. ఊళ్ళో ఆ కుటుంబాల వారిని మర్యాదగా అడగండి. కట్టలు ఇవ్వమనొద్దు, వాళ్ళ అరుగు మీదే కూర్చుని ఫొటోలు తీసుకుంటామనండి.

రాతి అక్షరం

శాసనం గురించి. కాలువగట్టు గారూ, ముందు ఆ రాయిని ఎవరూ ముట్టుకోకుండా చూడండి. సున్నం ఉందని ఉలితో గీకడం, యాసిడ్ పోయడం, ఇసుక ఊదే మిషన్ పెట్టడం, అక్షరాల్లో రంగు నింపడం, ఈ నాలుగూ శాసనాన్ని చంపేస్తాయి. అక్షరం లోతు రెండు మూడు మిల్లీమీటర్లే ఉంటుంది. పై పెచ్చు లేచిపోతే సున్నా, తలకట్టు, దీర్ఘం అన్నీ పోతాయి. మంచినీళ్ళు, మెత్తటి నైలాన్ బ్రష్ (కొబ్బరిపీచు కాదు), అంతే. దానితో పోని సున్నాన్ని అలాగే వదిలేయండి.

ఫొటో పట్టపగలు తీస్తే ఏమీ కనపడదు. చీకటి పడ్డాక తీయండి. ఫోను రాతికి ఎదురుగా స్టాండు మీద కదలకుండా పెట్టి, టార్చిని రాతికి పక్కగా, దాదాపు ఆనించినట్టు పట్టుకుని వెలుగు ఏటవాలుగా పడేలా చూడాలి. ఎడమ నుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి, పై నుంచి ఒకటి. ఎడమ వెలుగులో కనపడని గీత కుడి వెలుగులో లేస్తుంది. ఐదారు పంక్తులకొక ఫొటో, ఒక్కోదానిలో కింది ఫొటో పంక్తి ఒకటి కలిసేలా. రాతి పక్కన స్కేలు పెట్టండి. నాలుగు ముఖాలూ తీయండి, చాలా స్తంభాల మీద అసలు తేదీ వెనక ముఖాన ఉంటుంది. మట్టిలో ఉన్న భాగం మీరు తవ్వొద్దు. కేంద్ర పురావస్తు శాఖ శాసన విభాగం మైసూరులో ఉంది, రాష్ట్ర పురావస్తు శాఖ ఉంది, ఫొటోలతో రాయండి. తడి కాగితం పరిచి బ్రష్‌తో కొట్టి సిరా అద్ది ముద్ర తీసే పని వాళ్ళది.

అంతకుముందే ఎవరైనా చదివి ఉండొచ్చు. శాసన విభాగం వార్షిక నివేదికలు 1887 నుంచి ఉన్నాయి. వాటిలో తాలూకాల వారీగా, ఊళ్ళ వారీగా సంఖ్య, రాజు, తేదీ, రెండు మూడు వాక్యాల సారాంశం ఉంటాయి. పూర్తి పాఠం దక్షిణ భారత శాసనాల సంపుటాల్లో దొరకొచ్చు. పదో సంపుటం మొత్తం మద్రాసు ప్రెసిడెన్సీ తెలుగు శాసనాలే. 1882లో రాబర్ట్ స్యూయల్ వేసిన పురాతన అవశేషాల జాబితా కూడా చూడండి. అందులో తేదీలు చాలాచోట్ల సరిగా ఉండవు, కానీ రాయి అప్పటికి ఏ చోట నిలబడి ఉందో తెలుస్తుంది.

శకం చదవడం. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తు శకం. ఉగాదికి ముందు జనవరి నుంచి మార్చి మధ్య పడే తిథి అయితే 79. అంకెల బదులు మాటలుంటే కుడి నుంచి ఎడమకి పెట్టుకోవాలి. ఉదాహరణకి ‘వేద, బాణ, ఖ, ఇందు’ అని ఉందనుకోండి. వేదాలు 4, బాణాలు 5, ఖ అంటే ఆకాశం కనుక సున్నా, ఇందు అంటే చంద్రుడు 1. తిరగేస్తే 1054. అంటే 1132-33. అది వెలనాటి చోడుల కాలం. వాళ్ళ రాజధాని చందవోలు మీకు పక్కనే. ఆ కాలపు శాసనాల్లో అఖండ దీపానికి గొర్రెలు దానమిచ్చి, వాటిని తీసుకున్న బోయడు ‘నిత్యము మానెడు నెయి’ పోయాలని రాస్తారు. చదివేవాళ్ళు దీన్ని గుడిలో గొర్రెల బలి అని రాసేసిన పుస్తకాలున్నాయి. అది బలి కాదు, దీపానికి నెయ్యి రావడానికి చేసిన ఏర్పాటు. భూమి కొలతల్లో ‘ఖ’, ‘తూ’ అని పొడి అక్షరాలుంటే ఖండుగ, తూము. ఇరవై తూములు ఒక పుట్టి. ఎకరాల్లోకి మార్చకండి. అది విత్తనం పట్టే లెక్క, ఊరూరికీ మారుతుంది.

రాయల విడిది విషయం. రాయలు కొండవీడు పట్టుకున్నది 1515లో. ఆ తర్వాత కొండవీటి సీమని చూసింది తిమ్మరుసు మేనల్లుడు నాదెండ్ల గోపన. సీమ అంతా ఆయన ఏలుబడిలోకి వచ్చింది కనుక ప్రతి ఊరికీ రాయలతో ఏదో ఒక ముడి చెబుతారు. ‘ఊళ్ళో ఇలా చెప్పుకుంటారు’ అని ఆ మాటతోనే రాయండి. వాడుక కథగా దానికి విలువ ఉంది. చరిత్ర భాగంలో కలిపేస్తే మాత్రం పక్కనున్న నిజమైన శాసనాన్ని కూడా ఎవరూ నమ్మరు.

కాలువగట్టు

చాలా కృతజ్ఞతలు అందరికీ. బావి మీద ‘నందన’ సంగతి ఎవరైనా చెప్పండి. డొక్కల కరువు నందనలోనే కదా?

రాతి అక్షరం

అవునండి, 1832-33 నందన. గుంటూరు సీమని ఊడ్చిపెట్టిన కరువు అది, నందన కరువనే అంటారు. కానీ నందన అరవై ఏళ్ళకొకసారి తిరిగొస్తుంది. 1892-93, 1952-53, 2012-13 కూడా నందనలే. పేరు ఒక్కటే చూసి కరువుకి ముడిపెట్టలేం.

ఇలా తేల్చండి. రాయి ఏ బంధంతో నిలబెట్టారు? సున్నం గచ్చా, సిమెంటా? సిమెంటైతే 1832ని వదిలేయండి. అయితే తర్వాత మరమ్మతులో సిమెంటు పూసి ఉండొచ్చు కనుక లోపలి వరస చూడాలి. బావి లోపల ఇటుక మందం కొలవండి, పైవరసా కిందివరసా వేరైతే రెండు కాలాల పని. రాతి మీద నెల, తిథి, వారం మూడూ చదవగలిగితే పని సులువు. ఆ తిథికి ఆ వారం నాలుగు నందనల్లో ఒక్కదానికే సరిపడే అవకాశం ఎక్కువ. ఆ కాలాల పంచాంగాలతో సరిచూడొచ్చు. వీటికి తోడు ఇనాం ఫెయిర్ రిజిస్టరు. బావి కోసం భూమి ఇచ్చి ఉంటే 1860లకే అది అందులో ఎక్కి ఉండాలి. ఎక్కి ఉంటే 1892, 1952 రెండూ పోయినట్టే. ఎక్కకపోతే మాత్రం ఏదీ తేలినట్టు కాదు, భూమి ఇవ్వకుండా తవ్వించిన బావులూ ఉంటాయి.

తేలనంతవరకు ‘నందన నామ సంవత్సరం అని రాతి మీద ఉంది, కరువులో తవ్వించారని పెద్దల మాట’ అని రెండు వాక్యాలు విడివిడిగా వేయండి.

తూర్పు డెల్టా

సౌకర్యాల భాగానికి నా వంతు. ముందు జనాభా తేడా. సెన్సస్ లెక్క రెవెన్యూ గ్రామానికి, పంచాయతీ లెక్క పంచాయతీకి. ఒక రెవెన్యూ గ్రామంలో రెండు పంచాయతీలు ఉండొచ్చు, శివారు పల్లె పక్క పంచాయతీలో ఉండొచ్చు. మీ ఎనిమిది వందలు ఏదో శివారువి అయి ఉంటాయి. 2011 జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్కులో ఆరంకెల గ్రామ కోడు చూసుకుని, ఏ హద్దు లెక్క ఇస్తున్నారో పుస్తకంలో రాసేయండి. గ్రామ విస్తీర్ణం అందులో హెక్టార్లలో ఉంటుంది, 2.471తో గుణిస్తే ఎకరాలు. అది ఆర్‌ఎస్‌ఆర్ మొత్తానికి దగ్గరగా రాకపోతే మీరు వేరే ఊరి వరస చూస్తున్నారన్నమాట.

అదే హ్యాండ్‌బుక్కులో గ్రామ డైరెక్టరీ ఉంది: బడి, ఆసుపత్రి, నీళ్ళు, పోస్టు, బస్సు. ఊళ్ళో లేని సౌకర్యానికి దూరం అక్షరాల్లో ఉంటుంది. ‘ఎ’ అంటే 5 కిలోమీటర్ల లోపు, ‘బి’ 5 నుంచి 10, ‘సి’ 10 పైన. పిల్లల చేత దీన్ని ఎత్తి రాయిస్తే ‘ఆసుపత్రి: బి’ అని అచ్చయిపోతుంది, చూసుకోండి. 2011 వరసని పాత స్థితిగా ఒక పేజీలో ఉంచి, ఇప్పటి స్థితిని మీరే తిరిగి రాసుకోవాలి.

రాసేటప్పుడు ‘మంచినీటి సౌకర్యం కలదు’ అనే మాట వద్దు. ఊరికి కొత్తగా వచ్చిన టీచరమ్మకి అది ఎందుకూ పనికిరాదు. నీళ్ళు ఎక్కడివి, ట్యాంకు ఎన్ని లీటర్లది, రోజుకి ఎన్నిసార్లు ఎన్ని గంటలకి వదులుతారు, ఏ వీధి చివరకి ఒత్తిడి అందదు, ఇవి రాయండి. లెక్క సులభం. జల్ జీవన్ మిషన్ ప్రమాణం మనిషికి రోజుకి 55 లీటర్లు. 3,400 మందికి 1,87,000 లీటర్లు. మీ ఓవర్‌హెడ్ ట్యాంకు 60 వేల లీటర్లదైతే రోజుకి మూడుసార్లకి పైగా నిండాలి. రెండుసార్లే నింపుతుంటే శివారుకి నీళ్ళు ఎందుకు రావడం లేదో పుస్తకమే చెబుతుంది.

కాలువ ఊరు కనుక అసలు విషయం వేసవి. కాలువ కట్టేసేలోపు మంచినీటి చెరువు నింపుకోవాలి. నింపిన నీళ్ళు ఎన్ని రోజులకి సరిపోతాయో, ఫిల్టరు బెడ్డులో ఇసుక పైపొర ఎప్పుడు తీశారో ఆపరేటరుని అడిగి రాయండి. ఇసుక పైన పాచి పేరుకుంటే నీరు దిగడం తగ్గుతుంది. అప్పుడు తొందరపడి ఫిల్టరు దాటించి నేరుగా ట్యాంకుకి ఎక్కిస్తారు, ఏప్రిల్ మే నెలల్లో నీళ్ళు రంగు మారడానికి ఎక్కువగా అదే కారణం. బోరు నీళ్ళయితే పరీక్ష కాగితం అడగండి. కరిగిన లవణాలు లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు మంచిది, వేరే దారి లేకపోతే 2,000 వరకు ఒప్పుకుంటారు. ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము, హద్దు 1.5. సముద్రానికి దగ్గరయ్యే కొద్దీ ఉప్పు పెరుగుతుంది, బోరు లోతు పెంచితే తగ్గుతుందని లేదు, ఇంకా పెరగొచ్చు కూడా.

వైద్యానికి ఊళ్ళో హెల్త్ క్లినిక్కు ఏ రోజు ఏ వేళ తెరిచి ఉంటుందో, పీహెచ్‌సీ ఏ ఊళ్ళో, రాత్రి కాన్పుకి ఎక్కడికి తీసుకెళ్ళాలో, అక్కడికి వానాకాలంలో ఏ చప్టా మునుగుతుందో. దూరం కిలోమీటర్లలోనూ, ఆటోలో నిమిషాల్లోనూ రెండూ ఇవ్వండి. బస్సుకి మొదటిది, చివరిది తప్పనిసరి. పోస్టు పిన్‌కోడు ఊరిది కాదు, పంచే ఆఫీసుది. శివారు పల్లెకి వేరే పిన్ ఉండొచ్చు, పోస్టుమాస్టరు గారినే అడగండి.

పాత సౌకర్యాలు కూడా ఇక్కడికే వస్తాయి. కొమ్మమూరు కాలువలో పడవలు నడిచిన రోజుల్లో రేవు ఎక్కడ, లాకు ఎక్కడ? ఆ కాలువ పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువతో కలుస్తుంది. మద్రాసు దాకా సరుకు పోయిన దారి అది. ఊరికి కాలువ నీరు రావడానికి మూలం 1855లో పూర్తయిన బెజవాడ ఆనకట్ట. 1952లో దానికి గండి పడ్డాక 1957 నాటికి ప్రకాశం బ్యారేజీ కట్టారు. గండి పడిన ఆ ఏడాది మీ ఆయకట్టు ఎలా గడిచిందో ఎనభై దాటినవాళ్ళు ఇంకా చెప్పగలరు. ఈ పని రేపటికి వాయిదా వేయొద్దు.

బ్రాడీపేట 4/14

ఇంకో రెండు మాటలు, పని తేలిక చేయడానికి. తహశీల్దారు ఆఫీసులో అడిగితే ఇవ్వకపోతే సమాచార హక్కు కింద పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయికి ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకి 30 రోజులు. ‘మా ఊరి చరిత్ర ఇవ్వండి’ అని అడిగితే లేదని వస్తుంది. ‘ఫలానా రెవెన్యూ గ్రామం ఆర్‌ఎస్‌ఆర్ మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకు నకలు, గ్రామ పటం నకలు’ అని రికార్డు పేరు పెట్టి అడగండి. సంక్రాంతి అన్నారు కనుక దసరాలోపు దరఖాస్తు పడాలి. అప్పీలుకి వెళ్ళాల్సి వస్తే ఇంకో నెల పోతుంది.

బడి పాత అడ్మిషన్ రిజిస్టరు చూడండి. ఏ ఏడాది ఆడపిల్ల మొదట చేరిందో, ఏ పేట పిల్లలు ఎప్పటి నుంచి వస్తున్నారో అది చెబుతుంది. లూథరన్ చర్చి ఉంటే బాప్తిస్మం పుస్తకం కూడా. లూథరన్ మిషనరీ హయ్యర్ దొర గుంటూరు వచ్చింది 1842లో, మీ తాలూకా పల్లెల్లో పెద్ద ఇళ్ళ రికార్డుల్లో ఎక్కని కుటుంబాలు ఆ పుస్తకాల్లో పేర్లతో ఉంటాయి. ఊరి చరిత్ర అంటే ఊళ్ళో అన్ని పేటలదీ కావాలి. పిల్లల పేర్లు, కులాలు మాత్రం అచ్చు వేయకుండా సంఖ్యలే తీసుకోండి.

అచ్చుకి 48 పేజీలు సరైన ఎంపిక, 16 పేజీల ఫారాలు మూడు. సౌకర్యాలన్నీ చివరి ఫారంలోనే పెట్టండి. బస్సు టైములు, నంబర్లు మారినప్పుడు ఆ ఒక్క ఫారం తిరిగి వేయిస్తే చాలు. ఆ ఫారం ప్రతి పేజీ కింద ‘ఫలానా నెల, ఫలానా సంవత్సరం నాటికి’ అని ఉండాలి.

కాలువగట్టు

రేపే బావి లోపలి వరస చూస్తాం. రాతికి కాపలాగా గుడి వాళ్ళతో మాట్లాడాను, ఈ ఏడు సున్నం కొట్టరు. చీకటి పడ్డాక ఫొటోలు తీసి ఇక్కడే పెడతాను. రాతి అక్షరం గారూ, చదివి పెట్టాలి మీరే.

రాతి అక్షరం

పెట్టండి. మూడు వైపుల వెలుగుతో, స్కేలుతో. ఫోనులో రంగులు మార్చే ఫిల్టర్లు వేయకుండా తీసినది తీసినట్టే పంపండి.